ఎర్ర తీగ ఎటు, నల్ల తీగ ఎటు?



గోదావరి జిల్లాల్లో ధనుర్మాసం పట్టిందంటే ఇళ్ళకు సున్నాలు, రంగులు మొదలవుతాయి. భోగి నాటికి గోడలు మెరిసిపోవాలి. అటక మీది సామాను కిందికి దిగుతుంది, కింద ఉన్నది వీధి అరుగు మీదికి చేరుతుంది. హాల్లో గోడకు బిగించిన స్పీకర్ పెట్టెలు రెండూ మేకుల మీంచి దిగి మంచమెక్కుతాయి. వాటి వెనక తగిలించి ఉన్న తీగల్ని రంగులేసే కుర్రాడు ఒక్క గుంజు గుంజుతాడు. పండగ ముందు వాటిని మళ్ళీ తగిలించేది మాత్రం ఆ కుర్రాడు కాదు. సెలవులకొచ్చిన మేనల్లుడో, హైదరాబాదు నుంచి దిగిన అల్లుడుగారో ఆ పని పూర్తిచేస్తారు. స్విచ్ వేస్తే పాట వస్తుంది. అల్లుడుగారు తగిలించిన తీగల్ని సరిచూసే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికి ఉంటుంది?

చిక్కంతా ఆ పాట రావడంలోనే ఉంది. స్పీకరు తీగలు తారుమారైతే పొగ రాదు, ఫ్యూజు పోదు, చప్పుడు ఆగదు. పాట పాడుతూనే ఉంటుంది, కానీ అందులోంచి బరువు పోతుంది. డోలు మోగుతున్నట్టే ఉంటుంది కానీ గుండెకు తగలదు. గాయకుడి గొంతు రెండు పెట్టెల మధ్య నిలబడాల్సింది పోయి, ఎటు నుంచి వస్తోందో తెలియకుండా గదంతా చెదిరిపోతుంది. ఎక్కువసేపు వింటే చెవులు మూసుకుపోయినట్టు ఒక ఇబ్బంది. ఇంట్లోవాళ్ళు అనుకునేది ఒకటే: "పెట్టెలు పాతబడ్డాయి."

అక్కణ్ణుంచి కథ దుకాణానికి చేరుతుంది. రాజమండ్రి, భీమవరం, అమలాపురం, ఏ ఊళ్ళో అయినా రిపేరు షాపు గుమ్మం దగ్గర వినబడే మాటలు ఇంచుమించు ఇలాగే ఉంటాయి. "బేసు బొత్తిగా రావట్లేదండీ, కొత్త ఆంప్లిఫయర్ వేయించేద్దామా?" అని వచ్చినాయన అడుగుతాడు. అనుభవం ఉన్న మెకానిక్ అయితే, "ఆయ్, వేయిద్దాంలెండి. ముందు ఆ వైర్లు ఎలా తగిలించారో ఓసారి చూడనివ్వండి బాబూ" అంటాడు. అనుభవం లేనివాడు, లేదా అనుభవం మరీ ఎక్కువైనవాడు, బేసు కోసం ఉండే స్పీకరును, అంటే కొత్త వూఫర్‌ను, అమ్ముతాడు.

ఈ తారుమారు ఎందుకింత నష్టం చేస్తుందో తెలియాలంటే స్పీకరు లోపలికి ఒకసారి తొంగిచూడాలి. 1925లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజినీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ ఒక కొత్త రకం లౌడ్‌స్పీకర్ గురించి పత్రం వెలువరించారు. ఈనాడు మన ఇళ్ళల్లో మోగుతున్న స్పీకర్లలో అత్యధికం ఆ నమూనా సంతానమే. ముందు భాగంలో గరాటులాంటి కాగితపు కోన్. దాని మెడకు సన్నటి రాగి తీగ చుట్ట. ఆ చుట్ట ఒక గట్టి అయస్కాంతం సందులో, ఎటూ రాసుకోకుండా వేలాడుతుంది. చుట్టలో కరెంటు ఒక దిక్కుగా పారితే కోన్ ముందుకొస్తుంది, ఎదురు దిక్కుగా పారితే వెనక్కి పోతుంది. సెకనుకు నూరుసార్లు ఇలా ముందుకూ వెనక్కూ ఊగితే నూరు హెర్ట్జ్ స్వరం పుడుతుంది. స్పీకరు వెనక ఎరుపు, నలుపు గుర్తులు పెట్టింది ఈ దిక్కు తెలియడానికే. ఎర్ర కొనకు ప్లస్ అందితే కోన్ ముందుకు రావాలన్నది ఇప్పుడు దాదాపు అందరూ పాటించే ఒప్పందం.

ఒక పెట్టెకు ఎరుపులో ఎరుపు, నలుపులో నలుపు పెట్టి, రెండో పెట్టెకు ఎరుపులో నలుపు పెట్టామనుకోండి. ఆంప్లిఫయర్ రెండింటికీ ఒకే ఆజ్ఞ పంపుతుంది. ఒకటి గాలిని ముందుకు నెడుతుంది, అదే క్షణంలో రెండోది వెనక్కి లాగుతుంది. డెల్టాలో ఆయిల్ ఇంజన్లు, కరెంటు మోటార్లు రాకముందు కాలువలోంచి మడిలోకి గూడ, అంటే తాళ్ళు కట్టిన బుట్ట, వేసి నీళ్ళు తోడిన తరం ఇంకా అక్కడక్కడా ఉంది. ఇద్దరు మనుషులు చెరో వైపు నిలబడి, తాళ్ళు పట్టుకుని, ఒకే ఊపున గూడను ముంచాలి, ఒకే ఊపున ఎత్తాలి. ఒకరు ముంచే వేళకు రెండోవారు ఎత్తితే చెమట ఇద్దరికీ కారుతుంది కానీ మడిలో చుక్క పడదు. తారుమారైన స్పీకర్ల పని అంతే. కరెంటు ఖర్చవుతూనే ఉంటుంది, కోన్లు ఊగుతూనే ఉంటాయి, బేసు మాత్రం చెవిదాకా రాదు.

మరి సన్నటి శబ్దాలు, తాళాలూ గజ్జెలూ, ఎందుకు పోవు? ఇక్కడ చిన్న లెక్క ఉంది. మన జిల్లాల ఉక్కపోతలో, ముప్పై డిగ్రీల దగ్గర, శబ్దం సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది. నూరు హెర్ట్జ్ స్వరానికి ఒక్కో అల పొడవు మూడున్నర మీటర్లు. ఏభై హెర్ట్జ్‌కి ఏడు మీటర్లు, అంటే మామూలు డాబా ఇంటి హాలు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉన్నా సరిపోదు. అంత పొడుగు అలలకు ఆరేడు అడుగుల దూరంలో ఉన్న రెండు పెట్టెలు దాదాపు ఒకే చోట ఉన్నట్టు లెక్క. అందుకని ఒకదాని తోపు, రెండోదాని లాగుడు ఒకదాన్నొకటి మింగేస్తాయి. అదే అయిదు వేల హెర్ట్జ్ శబ్దానికి అల పొడవు ఏడు సెంటీమీటర్లే. తల కొద్దిగా కదిపితే చాలు, ఒక చోట తగ్గింది ఇంకో చోట పెరుగుతుంది. మొత్తం మీద చెవికి తేడా తెలియదు. సన్నవి నిలిచి, బరువైనవి మాయమవడానికి కారణం ఇదీ.

పోనీ, రెండు పెట్టెలకూ తీగలు తిరగేసి పెడితే? ఏమీ కాదు. రెండూ కలిసి లాగి, కలిసి నెడతాయి. ఆ తేడాను వినగలమని పందెం కాసేవాళ్ళు ఉన్నారు కానీ, మామూలు ఇంట్లో మామూలు పాటకు దాని గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. జేబీఎల్ వంటి పేరున్న కంపెనీయే చాలా ఏళ్ళపాటు తన పెద్ద స్పీకర్లను ఎర్ర కొనకు ప్లస్ ఇస్తే కోన్ వెనక్కి పోయేలా తయారుచేసింది. ముఖ్యమైనది రెండు పెట్టెలూ ఒక్క మాట మీద ఉండటం.

ఈ బెడద మన తాతల కాలంలో లేదు. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలయ్యాక, గోదావరి పల్లెల్లో పంచాయతీ రేడియో చుట్టూ జనం చేరేవారు. కోనసీమలో శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతు భక్తిరంజని కార్యక్రమంలో పొద్దున్నే వినబడేది. ఆ మర్ఫీ, ఫిలిప్స్, బుష్ రేడియో పెట్టెల్లో ఉండేది ఒకే ఒక్క స్పీకరు. ఒక్కటే ఉన్నప్పుడు అది ముందుకు కదిలిందా వెనక్కు కదిలిందా అని పోట్లాడేందుకు రెండోది లేదు. తీగ ఎటు తగిలించినా భక్తిరంజని భక్తిరంజనిలాగే వినబడింది.

రెండు స్పీకర్ల ఆలోచన మాత్రం పాతదే. లండన్‌లో ఏలన్ బ్లమ్లైన్ అనే ఇంజినీరు, సినిమాలో మనిషి తెరకు ఒక పక్కన నడుస్తుంటే మాట ఇంకెక్కడి నుంచో రావడం చూసి విసుగెత్తి, 1931లో స్టీరియోకు పేటెంటు దరఖాస్తు పెట్టాడంటారు. ఆ తర్వాత అయిదేళ్ళకు, 1936లో, రాజమండ్రిలో నిడమర్తి సూరయ్య దుర్గా సినీటోన్ స్టూడియో పెట్టారు. అప్పటి టాకీలన్నీ మోనో, అంటే ఒకే దారిలో వచ్చే శబ్దమే. తెలుగు సినిమా తెర నిండా, హాలు నిండా శబ్దం పరచడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది. 1986లో నటుడు కృష్ణ తీసిన సింహాసనం తెలుగులో తొలి 70 ఎంఎం చిత్రం. ఆరు ట్రాకుల స్టీరియో శబ్దంతో వచ్చింది.

ఇళ్ళల్లోకి స్టీరియో రావడానికి మన ప్రాంతంలో సినిమా హాళ్ళకన్నా విమానాలు ఎక్కువ కారణం. కోనసీమ నుంచి, నరసాపురం, పాలకొల్లు వైపు నుంచి కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్ళినవాళ్ళు సెలవులకు వచ్చేటప్పుడు పెద్ద అట్టపెట్టెల్లో టేప్ రికార్డర్లు తెచ్చారు. పక్కలకు రెండు స్పీకర్లు, విడదీసి దూరంగా పెట్టుకునే వీలు. విడదీయగలిగిన రోజునే తారుమారు చేయగలగడం కూడా మొదలైంది. పెట్టెతో వచ్చిన తీగ చాలక వీధిలో దొరికే జంట తీగ అతికి, వసారా దాకా లాగిన ఇళ్ళు కొల్లలు. ఆ అతుకు దగ్గర ఎరుపు నలుపులు చేతులు మారాయా అన్నది ఎవరూ చూడలేదు.

సరే, ఇక పరీక్షకు వద్దాం. ఇందుకు కావలసిన మొదటి పరికరం ఇప్పుడు మీ గదిలో వినబడుతున్న ఈ గొంతే. మీ రేడియోకు రెండు వైపులా రెండు స్పీకర్లుంటే, రెండింటికీ సమాన దూరంలో, ఎదురుగా కూర్చోండి. ప్రసంగాలు, వార్తలు సాధారణంగా మోనోలోనే వస్తాయి, అంటే రెండు పెట్టెలకూ అందేది అచ్చంగా ఒకే శబ్దం. తీగలు సరిగా ఉంటే ఈ గొంతు రెండు పెట్టెల నడుమ, ఖాళీ గోడ దగ్గర ఒక మనిషి నిలబడి మాట్లాడుతున్నట్టు వినిపించాలి. కళ్ళు మూసుకుని వేలితో చూపించగలగాలి. అలా కాకుండా గొంతు రెండు చెవులకూ విడివిడిగా అంటుకుని, మధ్యలో ఏమీ లేకుండా, కుండలోంచి వచ్చినట్టు ఉంటే అనుమానించాల్సిందే. ఫోనులో వింటున్నవారు ఈ పరీక్షను వీలున్నప్పుడు రెండు స్పీకర్ల ముందు కూర్చుని చేసుకోండి.

పాటతో చూడాలంటే పాత పాట మంచిది. 1957 నాటి మాయాబజార్‌లో ఘంటసాల, లీల పాడిన యుగళగీతాలు మోనోలో రికార్డయినవే. గొంతు ఎక్కడ నిలబడాలో అవి నిక్కచ్చిగా చెబుతాయి. ఒక జాగ్రత్త. పాత పాటల్ని స్టీరియో చేశామంటూ మళ్ళీ తయారుచేసిన కాపీలు కొన్ని ఉన్నాయి. వాటిలో గొంతునే అటూ ఇటూ పూసేసి ఉంటారు, వాటితో పరీక్ష చేస్తే మంచి స్పీకర్లే దోషులవుతాయి. బేసు చూడటానికి తబలా డగ్గా, మృదంగం ఎడమ మూత, లేదా కాకినాడలో పుట్టిన చిట్టిబాబు వీణలో మంద్రస్థాయి తీగ బాగా పనికొస్తాయి. ఆ తీగ మీటినప్పుడు గదిలో గాలి కదిలినట్టు అనిపించాలి.

చెవి మీద నమ్మకం చాలకపోతే రెండు పెట్టెల్నీ ఎదురెదురుగా, ముఖానికి ముఖం, బెత్తెడు దూరంలో పెట్టండి. బేసు ఉన్న మోనో పాట సన్నగా పెట్టండి. ఇప్పుడు ఆంప్లిఫయర్ ఆపి, ఒక్క పెట్టెకు మాత్రమే తీగలు తిరగేసి, మళ్ళీ అదే పాట, అదే గట్టితనంలో వినండి. రెండింటిలో ఏ అమరికలో డోలు బరువుగా మోగిందో అది సరైనది. దగ్గరగా ఉన్నందువల్ల తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. చెవుడున్న తాతగారైనా చెప్పేస్తారు. తిరగేయాల్సింది ఒక్క పెట్టెకే అన్నది మరవకండి, రెండూ తిరగేస్తే మొదటికే వస్తారు.

ప్రతిసారీ ఆంప్లిఫయర్ ఆపమనడం చాదస్తం కాదు. నడుస్తుండగా ఎర్ర తీగ పోగొకటి వెళ్ళి నల్ల కొనకు తగిలితే లోపలి ట్రాన్సిస్టర్లు పోవచ్చు. అప్పుడు నిజంగానే షాపుకు వెళ్ళాలి.

ఇక మెకానిక్కులంతా వాడే పద్ధతి, గడియారంలో వేసే పెన్సిల్ సెల్. ఒకటిన్నర వోల్టులది. దీనికి ముందు స్పీకరు తీగల్ని ఆంప్లిఫయర్ నుంచి పూర్తిగా ఊడదీయాలి, లేకపోతే సెల్ కరెంటు ఆంప్లిఫయర్‌లోకి ఎదురెక్కుతుంది. పెట్టె ముందు గుడ్డ తీసేసి, వూఫర్ కనబడేలా పక్కనుంచి టార్చి లైటు వేయండి. సెల్ బొడిపె ఉన్న వైపు ప్లస్. దానికి ఎర్ర తీగ, అడుగు వైపుకు నల్ల తీగ, ఒక్క క్షణం తాకించి తీసేయండి. టక్ మని చిన్న చప్పుడు, దాంతోపాటు కోన్ ఒక నూలు వాసి ముందుకొచ్చి మళ్ళీ లోపలికి పోతుంది. రెండో పెట్టె కూడా ముందుకే రావాలి. అది లోపలికి గుంజుకుంటే దొంగ దొరికినట్టే. కంటికి ఆనకపోతే కోన్ అంచున వేలి కొన ఆనీ ఆననట్టు పెట్టి చూడండి. మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే టోపీని మాత్రం నొక్కకండి, సొట్ట పడితే ఓ పట్టాన పోదు.

ఎనిమిది ఓమ్‌ల స్పీకరు గుండా ఈ సెల్ నుంచి పారేది దాదాపు పావు ఆంపియరు. అర వాట్ లోపే కాబట్టి వూఫరుకు చీమ కుట్టినంత కూడా కాదు. తొమ్మిది వోల్టుల బ్యాటరీ వద్దు. మోటారు సైకిలు బ్యాటరీ అసలే వద్దు, పన్నెండు వోల్టులు నేరుగా పెడితే పాతిక వాట్ల దాకా చుట్టలో వేడిగా మారుతుంది. సన్నటి శబ్దాల కోసం ఉండే ట్వీటర్ మీద ఈ ప్రయోగం పనికిరాదు. దాని చుట్ట వెంట్రుకంత సన్నం, పైగా చాలావాటికి ముందు కెపాసిటర్ ఉంటుంది, అది సెల్ కరెంటును నిలవనివ్వదు.

ఈ ట్వీటర్ దగ్గరే ఉత్సాహవంతులు ఒక పొరపాటు చేస్తారు. పెట్టె విప్పి చూస్తే లోపల ట్వీటర్‌కు తీగలు తిరగేసి కనబడతాయి. "కంపెనీవాడే తప్పు చేశాడు" అని సరిదిద్దేస్తారు. చాలా పెట్టెల్లో అది తప్పు కాదు. వూఫరుకూ ట్వీటరుకూ శబ్దాన్ని పంచిపెట్టే క్రాసోవర్ సర్క్యూట్ కొన్ని రకాల్లో రెండింటి కదలికనూ ఎదురెదురుగా చేస్తుంది. దాన్ని సరిపెట్టడానికే ఫ్యాక్టరీలో కావాలని తిరగేస్తారు. పెట్టె బయటి కొనల వరకే మన అధికారం. కొన్ని హోమ్ థియేటర్ రిసీవర్లు మైకు పెట్టి తమంతట తామే పరీక్ష చేసుకుని, ఫలానా స్పీకరు తిరగబడిందని తెర మీద చూపిస్తాయి. ఇలా ట్వీటర్ తిరగేసి ఉన్న పెట్టెల దగ్గర అవి కూడా పొరబడుతుంటాయి. తీగలు చూసుకోండి, సరిగా ఉంటే ఆ హెచ్చరికను దాటి ముందుకు పోండి. విడిగా సబ్ వూఫర్ ఉంటే దాని వెనక సున్నా, నూట ఎనభై అని ఒక స్విచ్ ఉంటుంది. మీరు కూర్చునే చోట ఏ వైపు పెడితే బేసు నిండుగా ఉందో అక్కడ ఉంచేయండి, అంతే.

తీగల సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే తప్పు చాలాసార్లు పెట్టె దగ్గర జరగదు, దారిలో జరుగుతుంది. ఎరుపు నలుపు జంట తీగ అయితే గొడవ లేదు. పారదర్శకంగా ఉండే తీగల్లో ఒకటి రాగి రంగు, ఒకటి వెండి రంగు ఉంటుంది. రెండూ ఒకే రంగైతే ఒకదాని మీద సన్నటి గీతో, అచ్చులో అక్షరాలో, వేలికి తగిలే గట్టో ఉంటుంది. దేన్ని ప్లస్ అనుకున్నా నష్టం లేదు, రెండు చివర్లా అదే ప్లస్ కావాలి. ఈమధ్య కడుతున్న ఇళ్ళల్లో స్పీకరు తీగలు గోడలోపల గొట్టాల్లో, పైన ఫాల్స్ సీలింగులో దాక్కుంటున్నాయి. అక్కడ అతుకు వేసినవాడు ఎటు వేశాడో కనబడదు. దానికీ అదే సెల్ చాలు. ఆంప్లిఫయర్ వైపు కొనలకు, ఎర్ర తీగకు ప్లస్ వచ్చేలా, సెల్ పట్టించి, స్పీకరు వైపు కొనల దగ్గర మల్టీమీటర్ పెట్టండి. ఎర్ర పిన్ను ఎర్ర తీగకు తాకినప్పుడు ఒకటిన్నర చూపితే దారి సరైనదే. అంకె ముందు మైనస్ గుర్తు పడితే లోపల ఎక్కడో చేతులు మారాయి. సీలింగు పగలగొట్టనక్కర్లేదు. ఒక చివర తిరగేసి, రంగు టేపు చుట్టి గుర్తు పెట్టుకుంటే సరి. కరెంటు వైరింగు పోయే గొట్టంలోనే స్పీకరు తీగ కూడా తోసేసే అలవాటు మాత్రం మానాలి. గుర్రుమనే చప్పుడు ఒక్కటే కాదు, ప్రాణాపాయం కూడా.

ప్రాణాపాయం అంటే గుర్తొచ్చింది. కొన్ని చోట్ల స్పీకరు తీగ చివర కరెంటు ప్లగ్గు, అదే రెండు పిన్నులది, బిగిస్తారు. తేలిగ్గా ఊడుతుంది, తేలిగ్గా తగులుతుంది. అది ఎటు తిప్పి పెట్టినా దూరుతుంది కాబట్టి ఎరుపు నలుపుల లెక్క అక్కడే గోదాట్లో కలిసింది. అంతకంటే ఘోరం, పిల్లలెవరైనా దాన్ని గోడకున్న అసలు ప్లగ్గులో పెడితే 230 వోల్టులు నేరుగా స్పీకర్లోకి పోతాయి. అలాంటి ప్లగ్గు మీ ఇంట్లో ఉంటే ఈ పూటే కోసేయండి.

అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం, ఉప్పాడ, ఇలా సముద్రం పక్క ఊళ్ళవారికి మరో శత్రువుంది. ఉప్పుగాలికి రాగి తీగ కొన పచ్చగా చిలుము పడుతుంది. అప్పుడు ఒక పెట్టె సన్నగా పాడుతుంది, ఒక్కోసారి పాడదు, గుద్దితే పాడుతుంది. ఇది తారుమారు వల్ల కాదు కానీ లక్షణాలు దగ్గరగా ఉండి తికమక పెడతాయి. తీగ కొన ఒక అంగుళం కత్తిరించి, లోపలి ఎర్రటి రాగి తేలేలా తొడుగు ఒలిచి, పోగులన్నీ గట్టిగా మెలిపెట్టి బిగించండి. తర్వాతే ఎరుపు నలుపుల విచారణ.

తారుమారు అంటే ఏమిటో పల్లెల్లో చాలామంది తెలియకుండానే విని ఉంటారు. ఇయర్‌ఫోన్ పిన్ను వదులై సగం బయటికి వచ్చినప్పుడు పాడే మనిషి మాయమైపోయి, వెనక వాయిద్యాలు, గొంతు తాలూకు ప్రతిధ్వని మాత్రం వినబడతాయి. దయ్యం పట్టిందని నవ్వుకుంటాం. జరిగేది ఇది: రెండు చెవులకూ ఉమ్మడిగా ఉన్న తీగ తెగి, కుడి ఎడమల మధ్య తేడా ఒక్కటే మిగులుతుంది. గాయకుడి గొంతు రెండు వైపులా సమానం కాబట్టి తీసివేతలో సున్నా అయిపోతుంది. అటూ ఇటూ వేరువేరుగా ఉన్న వయొలిన్లు బతికిపోతాయి. హాల్లో తీగలు తిరగబడినప్పుడు గాలిలో జరిగేదీ ఈ తీసివేతే, కాకపోతే గది గోడలు అడ్డొచ్చి అంత పూర్తిగా జరగనివ్వవు.

ఇల్లు దాటి వీధిలోకి వస్తే ఇదే తప్పు ఖరీదు పెరుగుతుంది. కనుమ నాడు జగ్గన్నతోటలో పదకొండు ఊళ్ళ ప్రభలు తీర్థానికి చేరతాయి, భీమవరంలో మావుళ్ళమ్మ ఉత్సవాలు రోజుల తరబడి సాగుతాయి, రాజమండ్రి దేవీచౌక్‌లో దసరా నవరాత్రులు జరుగుతాయి. ఇలాంటి సందడి ఉన్నచోటల్లా మైకు సెట్లు దిగుతాయి. రెండు బేసు పెట్టెలు పక్కపక్కన కలిసి పనిచేస్తే ఒక్కదానికన్నా ఆరు డెసిబెల్స్ ఎక్కువ వస్తుంది. ఒకటి తిరగబడితే రెండూ ఉండి కూడా ఒక్కదానికన్నా తక్కువ. బేసు చాలట్లేదని ఆపరేటర్ గట్టితనం పెంచుతాడు. పెరిగేది సన్నటి కీచుదనం. చెవులు పగిలేది జనానికి, చుట్ట కాలేది స్పీకరుకి, డీజిల్ ఖర్చు కమిటీకి. మన ఊళ్ళల్లో డీజే పెట్టెల మీద వచ్చే ఫిర్యాదుల్లో కొంత భాగమైనా ఈ రెండు తీగల పాపమై ఉండొచ్చు. స్తంభాలకు కట్టే హారన్లకు మాత్రం ఇంటి చిట్కాలు వాడకండి. దూరం పోవడానికి వాటి తీగల్లో నూరు వోల్టుల దాకా పంపుతారు, ఆ పని తెలిసినవాళ్ళే చెయ్యి పెట్టాలి.

ఈ మైకు సెట్ల మీద చట్టం కూడా ఒకటుంది. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు వరకు బయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. ఏడాదిలో పదిహేను రోజులకు మించకుండా, పండగలకు అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది.

ఉత్సవ కమిటీల వారికి, పెళ్ళివారికి ఒక మనవి. అడ్వాన్సు ఇచ్చేటప్పుడు ఎన్ని వాట్లని అడుగుతారు, ఎన్ని పెట్టెలని అడుగుతారు. మైకు కట్టాక, జనం రాకముందు, ఇంకొక్కటి అడగండి. ఒకే పాట పెట్టి ముందు ఎడమ పెట్టె ఒక్కటే మోగించమనండి, తర్వాత కుడిది, ఆ తర్వాత రెండూ కలిపి. స్టేజీకి ఎదురుగా, మధ్యలో నిలబడి వినండి. రెండూ కలిసినప్పుడు డోలు బరువు పెరిగితే బిగింపు బాగున్నట్టు. తగ్గితే పాట ఆపించి, ఆంప్లిఫయర్ కూడా ఆపించి, ఒక పెట్టెకు తీగ మార్పించండి. ఇంట్లో బాలెన్స్ నాబ్ అటూ ఇటూ తిప్పి చేసుకోవలసిన పరీక్షా ఇదే. అయిదు నిమిషాలు పట్టదు, పైసా ఖర్చు లేదు.